ఇంటి ధర రాశారు, చెవి రాయలేదు

డిసెంబర్ 9, సోమవారం

నువ్వు రేపు తప్పిపోతే నిన్ను దేనితో గుర్తుపట్టమంటారు? నీ ముఖంతోనా, నీ ఇంటి ధరతోనా?

పొద్దున పేపర్ చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా గల్లీ చివరింటి లస్మవ్వ శనివారం పాలప్యాకెట్ తెస్తానని పోయి తిరిగి రాలేదు. మతిమరుపు మనిషి. కొడుకు మల్లేష్ మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో ఆమె, కోడలు నవత. పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చాం. ఇవాళ పేపర్లో వేశారు. "సుమారు కోటి రూపాయల విలువైన రెండంతస్తుల భవనంలో నివసిస్తున్న వృద్ధురాలు అదృశ్యం." కొడుకు గల్ఫ్ అని రాశారు, కోడలితో ఉంటోందని రాశారు, ఫోన్ నంబర్ రాశారు. అంతే. పక్కన స్టాంపంత ఫోటో. గృహప్రవేశం నాటిది. పట్టుచీర, మెడలో గొలుసు, చెవులు కొంగు కింద.

ఎడమ చెవి తమ్మె తెగి వేలాడుతుందని లేదు. కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉందని లేదు. పోయిననాడు వెలిసిన నేత చీర కట్టుకుని, చెప్పుల్లేకుండా పోయిందని లేదు.

ఇల్లు తప్పిపోలేదు కదా. ఇల్లు ఇక్కడే ఉంది. పొద్దున నా పంక్చర్ షాపుకు పోతూ చూశాను.

డిసెంబర్ 10, మంగళవారం

నవతకు నిన్నటి నుంచి ఫోన్లు. ఇద్దరు ముగ్గురు అడిగిందేమిటంటే, ఇల్లు అమ్ముతరా అని. ఒకడైతే రోడ్ ఫేసింగేనా అన్నాడట. ముసలామె ఏమైందని అడగలేదు. పాలబూత్ దగ్గర ఆడవాళ్లు నవత వినేలాగే అనుకున్నారట, గంత ఇల్లుంటె అత్తలు ఊకెనె తప్పిపోరు వదినె, దారి చూపెట్టెటోళ్లు ఉండాలె గని, అని. మల్లేష్ మస్కట్ నుంచి వీడియో కాల్ చేసి భార్యను తిట్టాడు. తర్వాత ఏడ్చాడు.

నవత నా దగ్గరికి వచ్చి, అన్నా, మీ సంగానికైతే రాను గని నీ నోరు పెద్దది, జర పేపరోనితోని మాట్లాడు, అంది. లస్మవ్వ కూడా నా ప్రార్థన కూటంలో చేరిన మనిషి కాదు. ఎండాకాలంలో వెనక వరుసలో కూర్చునేది. నీ దేవుని కోసం కాదు కొడుకా, నీ ఫ్యాన్ కోసం, అనేది.

బైబిల్ గ్రంథం చంకలో పెట్టుకుని పోయాను. రిపోర్టర్ శ్యాంసుందర్ చాయ్ దుకాణంలో దొరికాడు. అరిచాను. తప్పిపోయిన గొర్రె కోసం పోయిన కాపరి, అది సంతలో ఎంత పలుకుతుందని లెక్క కట్టాడా అన్నాను. చుట్టూ జనం చేరారు. వాడు చల్లగా చాయ్ తాగి, పాస్టర్ సాబ్, జర కూసోండ్రి, బీపీ లేస్తది, అన్నాడు. ఇంటి ధర ఎవడు చెప్పాడంటే, ప్లాట్ల దందా చేసే ఓంప్రకాశ్‌ని అడిగాడట. ఎందుకడిగావంటే, ఉత్త ముసలామె పోయిందంటె డెస్క్ల తీసుకోరు సాబ్, దినాం పోతనే ఉంటరు, ధర పెడితె మనిషి సైజు తెలుస్తది, అన్నాడు. ఆఖరికి, మీరు చదివిండ్రా లేదా? కోటి ఉన్నందుకే చదివిండ్రు, అన్నాడు.

 గ్రంథం చాయ్ బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

గుర్తులతో మళ్లీ వెయ్యమన్నాను. పాత వార్త అయిపోయిందట. ఆస్తి గొడవేమన్న ఉంటె చెప్పుండ్రి, రేపే ఎక్కిస్త, అన్నాడు.

డిసెంబర్ 11, బుధవారం

గొంతు పోయింది. కబురు లేదు.

డిసెంబర్ 12, గురువారం

ఒళ్లంతా బరువుగా ఉంది. బస్టాండు, హాస్పిటల్, గుళ్లు, దర్గా అన్నీ తిరిగాం. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు. ఎక్కడ ఎక్కినా, ఎక్కడ దిగినా అడిగేవాడు లేడు. ఎక్కడని వెతకాలి?

శ్యాంసుందర్ మాట మీద గ్రంథం తెరిచి కూర్చున్నాను. గ్రంథంలోనూ ఆస్తులు రాశారు కదా, అన్నీ పోగొట్టుకున్న ఆ భక్తుడికి ఇన్ని గొర్రెలు, ఇన్ని ఒంటెలు అని. అంటే పేపరూ వాక్యమూ ఒకటేనా? మధ్యాహ్నందాకా దీనితోనే కుస్తీ పట్టాను. నాకు తోచింది ఇది. అక్కడ లెక్క చెప్పింది అదంతా పోయాక మనిషి మిగిలాడా లేదా చూడమని. ఇక్కడ లెక్క చెప్పేది ఎంత జాలి పడాలో, ఎవరి మీద అనుమానపడాలో కొలుచుకోమని. ఇంకోటి. గుమ్మంలో కురుపులతో పడి ఉన్న బిచ్చగాడికి గ్రంథంలో పేరుంది. ఆ ఇంటి ధనవంతుడికి పేరు లేదు. ఇన్నేళ్లు చెప్పాను ఆ కథ, ఈ సంగతి ఇవాళ కనబడింది.

కనబడి ఏం లాభం. పేపర్ నా చేతిలో లేదు. ఫోన్ ఉంది. బొంగురు గొంతుతోనే వాట్సాప్‌లో వాయిస్ పెట్టాను. చెవి, తేలు, నేత చీర. ఇంటి మాట ఎత్తలేదు. నవత ఒకటి కలపమంది. అత్తమ్మను పేరడిగితె చెప్పదన్నా, మొన్న గ్యాస్ సిలిండరోడు అడిగితె నేను నాగయ్య బిడ్డను అన్నది, వాడు నవ్వుకుంట పోయిండు, అంది. నాగయ్య ఆమె బాపు. ఆమె పుట్టిల్లు బోథ్ దగ్గర. అది కూడా చెప్పాను.

డిసెంబర్ 13, శుక్రవారం

ఫోన్ వచ్చింది! ధర్మపురి నుంచి. గోదావరి ఒడ్డున గాజులమ్మే అక్బరీ బేగం. వాట్సాప్‌లో నా వాయిస్ విన్నదట, తేలు చూసిందట.

డిసెంబర్ 14, శనివారం, ధర్మపురి

నవతా నేనూ పొద్దున బస్సుకే వచ్చాం. అక్బరీ బేగం మమ్మల్ని చూడగానే లెంపలు వాయించుకుంది. లస్మవ్వ సోమ, మంగళవారాలు ఇక్కడే ఉందట. గుడి దగ్గర అన్నం పెట్టే వరుసలో కూర్చుని తిన్నదట. బోసి చేయి చూసి అక్బరీ బేగమే పైసల్లేకుండా రెండు గాజులు తొడిగింది. అప్పుడే తేలు చూసింది.

అయితే పేపర్ వార్త కూడా ఆమెకు తెలుసు. కొడుకు జియావుల్లా సోమవారమే చదివి వినిపించాడట. అక్బరీ బేగం మాటలు మరిచిపోకముందే రాసుకుంటున్నాను. క్యా బోలూ భయ్యా, పేపర్ల కోటి రూపాల ఇల్లన్నరు, పట్టుచీర ఫోటో ఉండె, నేను ఎవలో పెద్ద దొరసాని అనుకున్న. గీమెకు కాళ్లకు చెప్పుల్లేవ్. ఇల్లేడ అవ్వా అంటె, నాకు ఇల్లు లేదు, నాగయ్య బిడ్డను, బోథ్‌కు పోవాలె అన్నది. బుధవారం నా చేతులతోని నేనే నిర్మల్ బస్సు ఎక్కించిన. చద్దర్ కప్పి ఎక్కించిన భయ్యా.

పేపర్లో ఆమె ఉంది, ఎదురుగా ఆమె ఉంది. నడుమ ఆ ఇల్లు అడ్డం నిలబడింది.

నవత అక్కడే మెట్ల మీద కూలబడింది. ఇల్లు లేదన్నందుకు కాదట. నాలుగేండ్లయిందన్నా ఇల్లు కట్టి, ఇప్పటికీ బాత్రూం తలుపేదో అత్తమ్మకు తెలువది, దినాం చెయ్యి పట్టి తోలుకపోతుంటి, అని ఏడ్చింది.

శ్యాంసుందర్‌కు ఎవరు చెప్పారో, ఫోన్ చేశాడు. హుషారుగా ఉన్నాడు. కోటి రూపాల ఇంటామె అన్నం లైన్ల, సూపర్ స్టోరీ సాబ్, ఫస్ట్ పేజీ అయితది, అన్నాడు. ఆ కోటి వల్లే ఆమె చేతికందీ పోయిందిరా నాయనా అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు. ఎడమ చెవా, కుడి చెవా అని అడిగాడు. తర్వాత, చెవి, తేలు నేను రాసిస్త సాబ్, ఒట్టు, అన్నాడు.

డిసెంబర్ 15, ఆదివారం, ఇచ్చోడ

పొద్దున నిర్మల్‌లో బస్సు మారి వచ్చాం, బోథ్ రోడ్డు ఇక్కడే చీలుతుందని. ఇక్కడ చలి ఎముకల్లోకి దిగుతోంది. చాయ్ కొట్టు ముందు టైర్లు కాల్చుకుని కూర్చున్నారు. ఒకాయన నవతతో, రాత్రి మా లేగదూడ బిగుసుకపోయింది బిడ్డా, ముసలి పానం ఆగుతదా, అన్నాడు. పక్కామె ఆయన్ని కసిరింది.

కొట్లో పేపర్ చూశాను. మొదటి పేజీ. "కోటి భవనం వదిలి బిచ్చమెత్తిన అవ్వ." ఇంటి ఫోటో వేశారు. గేటు, బాల్కనీ, పైన నీళ్ల ట్యాంకు. లస్మవ్వ ఫోటో లేదు. చెవి లేదు, తేలు లేదు. శ్యాంసుందర్ మెసేజ్ పెట్టాడు. సారీ సాబ్, నేను రాసిన, డెస్క్ల కొట్టేసిండ్రు.

బుధవారం సాయంత్రం ఒక ముసలామె గాజుల చేతితో బస్సు దిగి, బోథ్ రోడ్డు పట్టుకుని నడిచిందని ఆటోవాళ్లు అంటున్నారు. ఇవాళ ఆదివారం. అక్కడ నా కూటంలో పాట ఎవరు ఎత్తుకున్నారో. ఈ ఆదివారం నాకు ప్రసంగం లేదు.

అదే రోజు, సాయంత్రం, బోథ్ దారి

ఆటోకు మైక్ కట్టాం. గొంతు లేదు, నవత చదువుతోంది. చదవడానికి ఇది రాశాను.

డెబ్బై దాటిన మనిషి. ఎడమ చెవి తెగింది. కుడి చేతి మీద తేలు. కొత్త గాజులు. చెప్పుల్లేవు. ఇల్లెక్కడని అడగకండి, లేదంటుంది. ఎవరి బిడ్డవని అడగండి. నాగయ్య బిడ్డను అంటే ఆమే. పట్టుకోండి, దుప్పటి కప్పండి, మంట దగ్గర కూర్చోబెట్టండి.

మంచు దిగకముందే. పత్తి చేన్లు చూడండి, పశువుల కొట్టాలు చూడండి, బస్సు షెల్టర్లు చూడండి. రేపు కాదు. ఇది ఎవరి చేతిలో పడినా సరే, చదవడం ఆపి లేవండి. ఇవాళే. ఇప్పుడే.