బండి కింద మంట పెట్టకు బాపు

బాపు, కరీంనగర్ బస్సుకు టైమైంది, జల్ది రాస్తున్న. బండి మంచిగైంది! రేపు పొద్దుగాల తాళంచెవి పెట్టంగనే స్టార్ట్ చెయ్యకు. మీటర్ల హీటర్ లైటు ఆరేదాంక ఆగు, ఇంజన్ లోపట వేడైతది, అప్పుడు తిప్పు.

ఇంజన్ ముసలిదైంది, సలికి లేవదని ఇచ్చోడ ఊర్ల మెకానిక్ అన్నడు గదా, ఇంజన్‌ది ఏం తప్పులేదు. మొదాల నువ్వు హీటర్ లైటు ఆరేదాంక ఆగలే. బండి లేస్తలేదని రోజూ కింద పత్తికట్టె మంట పెట్టినవ్. గా సెగకు హీటర్ ప్లగ్గుల వైరే కాలిపోయింది. అప్పుడు ఇంకింత పెద్ద మంట పెట్టినవ్! కొత్త వైరు నేనే ఏసిన. నువ్వు చేన్లకు పోయినంక, ఇంజన్ సల్లగున్నప్పుడే చూసిన, ఒక్కసారికే లేసింది. ఇగ మంట వద్దు, పక్కకే డీజిల్ పైపున్నది.

"ఆడివిల్లవు, నీకేం తెలుస్తది" అని అందరి ముంగట అన్నవ్. నేను మర్శిపోలే.

– ప్రవళిక

ఇంకోటి. బండి కొంటనన్న రాజం మామ ఇందాక వచ్చిండు. చాయ్ తాపి, బాపు బండి అమ్మడట అని చెప్పిన. "గీ మాట మీ బాపే అన్నడా?" అని అడిగిండు. ఆఁ అన్న. ఫోన్ చేస్తే నువ్వు గూడ గట్లనే చెప్పు.