నువ్విచ్చిన చేపలు

కాగజ్‌నగర్

చెల్లె సరళకు,

అక్క దీవెనలు. ఇక్కడ మేము క్షేమం. నువ్విచ్చిన చేపలు మాకన్నా క్షేమం.

పిల్లి మూతి పెట్టకుండా పాలగిన్నెకు మూత చేయడానికి, మిల్లులో అరిగిన జాలీ ముక్క తెమ్మని మీ బావను ఏడాదిగా అడుగుతున్నాను. మొన్న తెచ్చారు. టేకు చట్రం కట్టి చేపల తొట్టి మీద బిగించారు.

"మరి పాలకు?" అన్నాను.

"పాలు దుంకుతయా? ఇవి మరదలు ఇచ్చినయి. ఎగిరి కిందపడితే ఆమెకేం జెప్పాలె? మూతేసినా గాలాడాలె గద!" అన్నారు.

నాకు గాలాడుతోందా అని ఎవరూ అడగలేదు.

నిన్న ఆయన డ్యూటీకి పోగానే మూత తీసి, పిల్లిని ఒళ్లో పెట్టుకొని తొట్టి ముందే కూర్చున్నాను. ఒక్కటీ ఎగరలేదు. సాయంత్రం ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఎర్రది ఎగిరి మళ్లీ తొట్టిలోనే పడింది. గబుక్కున మూత వేశాను.

దసరాలోపు వాటిని తీసుకుపో. నువ్వే రానక్కరలేదు, మనిషిని పంపినా చాలు.

మీ అక్క