ఏడో నంబరు సీసా

సోలాపూర్, దాజీ పేట్ నివాసి, కీర్తిశేషుడు పెంటప్ప కొడుకు గజ్జం ఋషికేశ్ అనే నేను, వయసు ముప్పై మూడు, పని తువ్వాళ్ల నూలుకు రంగు వేయడం, ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. నా బుద్ధి సరిగ్గా ఉంది. శరీరం లేదు. మూత్రాశయంలో క్యాన్సర్ అని ఆస్పత్రి కాగితం జత చేశాను. చావబోయేవాడికి మతి చెడిందని రేపు ఎవడైనా అంటే చూపించడానికి, నా తెలివికి ఏ లోటూ లేదని అదే డాక్టరు ఇచ్చిన రెండో కాగితం కూడా జత చేశాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఎవరైనా బలవంతపెట్టి ఉంటే ఏడేళ్ల కిందటే రాసేవాణ్ణి.

వకీలు మరాఠీలో రాయమన్నాడు. నేను చదివింది మరాఠీ బడి, ఏడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు పాతికేళ్లు నిండాక నేర్చుకున్నాను. ఎవరితో కలిసి నేర్చుకున్నానో నాలుగో అంశంలో ఉంది. అందుకే ఇది తెలుగులో ఉంటుంది. తప్పులుంటే నావి.

నా తర్వాత దీన్ని అమలు చేయాల్సింది కొంతం చౌక్‌లో జిరాక్సు దుకాణం నడిపే ఆరతి. ఒప్పుకుంది.

1. మా నాన్న వదిలిపోయిన ఒకటిన్నర గదిలో, పైనున్న రేకుల గదిలో నా వాటా మొత్తం మా అమ్మ ద్రౌపదికి. ఆమె బతికున్నన్నాళ్లు అమ్మమని ఎవరూ అడగకూడదు. పై గది కిరాయికి ఇచ్చుకోవచ్చు, కాని వచ్చినవాళ్ల ఒంటి రంగు చూసి కాదనకూడదు. అమ్మ కాదనదు. ఇది వీధివాళ్ల కోసం రాశాను. అమ్మా, బీడీలు చుట్టేటప్పుడు కిటికీ తీసి కూర్చో. గాలికి ఆకు ఎండిపోతుందంటావు. ఎండిపోనీ.

2. మా కార్ఖానా సేఠ్‌కు ఒక జత రబ్బరు చేతి తొడుగులు. పంతొమ్మిదేళ్లలో ఆయన నాకిచ్చినవి అవే. తనిఖీవాళ్లు వచ్చి ఫోటోలు తీసిన రోజు ఇచ్చాడు, సాయంత్రం తిరిగి అడిగాడు. నేనివ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను, కొత్తగానే ఉన్నాయి. నా శవం దగ్గరికి ఆయన రాకూడదు. దండ పంపిస్తే తీసుకెళ్లి ఆయన గేటుకే తగిలించండి.

3. ఆరతికి ఒక తెల్ల తువ్వాలు, రంగు తగలనిది. అప్పట్లో మీ నాన్న, వాడి చేతుల రంగు పోయినాక పిల్లనిచ్చే మాట ఆలోచిద్దాం అన్నాడట. పోలేదు. ఇప్పటికీ గోళ్ల కింద ఎరుపు ఉంది. అందుకే ఈ తువ్వాలును వేళ్లు తగలకుండా కాగితంతో పట్టుకుని మడతపెట్టాను. వాడుకో. దాచిపెట్టకు.

4. నావి కాని వస్తువులు మూడు నా దగ్గరున్నాయి. ఒక తెల్ల కోటు, నీళ్లలో ముంచితే పులుపో చవుడో చెప్పే కాగితం ముక్కల డబ్బా ఒకటి, నీలం అట్ట నోట్‌బుక్ ఒకటి. ఇవి అచియెంగ్ ఒడేరావి. ఆమె గురించి ఇప్పటిదాకా కాగితం మీద ఉన్నదంతా అబద్ధం కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పుట్టింది ఆఫ్రికాలో, కెన్యా దేశం, కిసుము అనే ఊళ్లో, పెద్ద సరస్సు ఒడ్డున. తండ్రి అక్కడి బట్టల మిల్లులో రంగులు కలిపేవాడు. ఆమెకు పదకొండేళ్లప్పుడు అతనికి మూత్రంలో రక్తం పడింది. మిల్లు డాక్టరు ఎండ వేడి అన్నాడు. మా నాన్నకు మా డాక్టరు చెప్పిందీ అదే, ఎండ వేడి. తండ్రి పోయాక ఆమె చదివితే రసాయన శాస్త్రమే చదువుతానని పట్టుబట్టింది. వాళ్ల బడి ప్రయోగశాలలో కొలతల గాజుగొట్టం ఒక్కటే ఉండేదట, దాని పగులుకు మైనం పూసి వాడేవాళ్లట. నైరోబీలో డిగ్రీ చేసి, స్కాలర్‌షిప్ మీద పూణేకు పరిశోధన చేయడానికి వచ్చింది. వెంట తెచ్చుకున్న ప్రశ్న ఒక్కటే: రంగులోంచి మనిషి ఒంట్లోకి ఏం పోతుంది. అది తేల్చడానికి 2017లో సోలాపూర్ దిగింది.

దాజీ పేట్‌లో ఏడు ఇళ్లవాళ్లు గది లేదన్నారు. ఖాళీ గదులు నాకు తెలుసు, ఆ ఏడు ఇళ్లూ తెలుసు. మా అమ్మ మాత్రం ఆమెను గుమ్మంలో కూర్చోబెట్టి, జడలు చేత్తో పట్టి చూసి, “ఇదేంది బిడ్డా, ఎవరు అల్లిన్రు ఇంత సన్నగ? మా మగ్గం మీద గూడ ఇంత సన్న పని రాదు” అంది. పేరు నోరు తిరగక అచ్చమ్మ అని పిలిచింది. నాకు అక్క అయింది. ఆరు నెలల్లో మా తెలుగే మాట్లాడింది. అక్షరాలు కూడా కావాలంటే ఒకటో తరగతి వాచకం తెచ్చి ఇద్దరం కలిసి దిద్దాం. నాకు రసాయన శాస్త్రం ఆమే చెప్పింది, రేకుల గది గోడ మీద సుద్దముక్కతో.

రంగు తొట్టిలో ఉప్పు, చవుడు సరిపోయాయో లేదో మేము నాలుక కొసతో చూస్తాం. మా నాన్న నేర్పిన విద్య. ఒకరోజు ఆమె కాగితం ముంచింది, నేను నాలుక పెట్టాను. పది తొట్లలో తొమ్మిదింట్లో నా మాట, కాగితం మాట ఒక్కటే. నేను ఛాతీ విరుచుకున్నాను. ఆమె నవ్వలేదు. “నీ నాలిక మస్తున్నది రా ఋషీ. ఇప్పటిదాంక ఎన్ని తొట్లు తాగినవో లెక్క చెప్పు” అంది.

5. ఇప్పుడు నా తప్పు.

2018లో ఆమె మా కార్ఖానాలో రంగు పని చేసే ఇరవై రెండు మంది మూత్రం పరీక్షకు అడిగింది. మనిషికొక నంబరు సీసా. సాయంత్రం పని దిగాక నింపి, మర్నాడు ఇవ్వాలి. పంచడం, పోగుచేయడం నా మీద పెట్టింది. నా నంబరు ఏడు.

ఎవని సీసా ఖరాబు తేలితే వానికి దీపావళి తర్వాత పని లేదని మాతో పని చేయించే ముకాదం అదే వారం ఒక మాట వదిలాడు. దానికి తోడు సిగ్గు, ఆడమనిషి చేతికి అది ఎట్లా ఇస్తామని. మా నాన్న వయసువాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. అందరి పని కాపాడే మొనగాణ్ణి నేనే అనుకున్నాను. మా తమ్ముడు అమోల్ మొబైల్ రిపేరు దుకాణంలో పనిచేస్తాడు, జన్మలో రంగు ముట్టలేదు. సీసాలు పంచిన మర్నాడు నారళీ పున్నమి, అంటే రాఖీ పున్నమి. కార్ఖానాలు బందు, వీధి వీధంతా మార్కండేయుడి రథం వెంట పోయింది, అమ్మ వెంట అక్క కూడా పోయింది. మేమిద్దరం ఇంట్లో తలుపు వేసుకున్నాం. వాడు చెంబుల కొద్దీ మజ్జిగ తాగుతూ సీసా వెనక సీసా నింపాడు. పన్నెండో సీసా దగ్గర, “అన్నా, నేనొక్కణ్ణే ఇంతమందినైతున్న, పగార్ గూడ అన్నీ నాకే ఇయ్యమను” అన్నాడు. కడుపు పట్టుకుని నవ్వాం. ఏడో సీసా కూడా వాడితోనే నింపించాను.

ఆమె ఆ సీసాలున్న మంచు పెట్టెను ఒళ్లో పట్టుకుని పూణే బస్సెక్కింది. బస్టాండు దాకా పెట్టె మోసింది నేనే.

వచ్చిన ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు రాసి ఇచ్చింది. పూణేలో ఆమె పైవాళ్లు చూసి, ఇవన్నీ ఒక్క మనిషివి, ఈమె ఒక్క సీసానే ఇరవై రెండుగా చేసి దొంగ లెక్క తెచ్చిందన్నారు. అప్పుడు దాజీ పేట్ వచ్చింది. మా గుమ్మంలో, మొదటి రోజు కూర్చున్న చోటే కూర్చుని అడిగింది: “ఋషీ, ఇరవై రెండు సీసలల్ల ఒక్కడే మనిషున్నడు. ఎవరు వాడు? చెప్తే నన్ను ఉండనిస్తరు.”

“నాకేం ఎర్క అక్కా” అన్నాను.

ఆమె లేచింది. పైకి వెళ్లి సంచి సర్దుకుంది. కోటు, డబ్బా, నోట్‌బుక్ అమ్మ బీడీల చాటలో పెట్టి, “ఋషికి ఇయ్యి, వానికి అక్కరపడ్తయి” అని చెప్పి పోయింది.

స్కాలర్‌షిప్ ఆగింది, వీసా అయిపోయింది. కిసుములో ఏ కాలేజీ ఆమెను తీసుకోలేదు. చేపలు పెట్టెల్లోకి ఎక్కించే ఫ్యాక్టరీలో కడుగునీళ్లు పరీక్ష చేసే పని చేసింది. ఇక్కడ మేము కాపాడుకున్న పని గురించి కూడా రాయాలి. ఆ దీపావళికే సేఠ్ కొత్త యంత్రం తెచ్చి తొమ్మిది మందిని తీసేశాడు. అప్పటినుంచి ఇరవై రెండు మందిలో ఐదుగురు చచ్చిపోయారు. ఆరేడేళ్ల కింద ఒక్కసారి మూత్రం పరీక్ష చేయించుకుని ఉంటే బాగుండేది అని డాక్టరు నాతో అన్నాడు. ఏడో సీసాలో నాది ఉండి ఉంటే ఆమె నాకే ముందు చెప్పేది.

మొన్న మే నెలలో ఉన్నదంతా రాసి ఆమె ఫోనుకు పంపాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. రాసింది ఆమె చెల్లెలు అకిన్యి. అక్క కిందటి అక్టోబరులో జ్వరంతో చనిపోయిందని, ఫోను తన దగ్గరుందని రాసింది. కింద ఇంకో వాక్యం: మా అక్క దొంగ కాదని మాకు మొదటినుంచీ తెలుసు, మీకు ఎప్పటినుంచి తెలుసు?

నేనింకా జవాబు రాయలేదు. అకిన్యీ, నాకూ మొదటి రోజు నుంచే తెలుసు.

6. కోటు, నోట్‌బుక్ అకిన్యికి పోస్టులో పంపాలి. కాగితం ముక్కల డబ్బా మీద తారీఖు దాటిపోయింది, అయినా దాన్ని తొట్టిలో నాలుక పెట్టడం మానేస్తానన్న మొదటివాడికి ఇవ్వాలి. ఎవరూ రాకపోతే పారేయకుండా అమ్మ దేవుడి గూట్లో పెట్టండి. నా మూత్రాశయం ముక్క మైనంలో పెట్టి ఆస్పత్రిలో దాచారట. అక్క చదివిన చదువు చదివేవాళ్లు ఎవరైనా అడిగితే ఇచ్చేయండి. దాని మీద నా పేరు వద్దు. ఏడు అని రాయండి.

ఐదో అంశం నకలు పూణేలో ఆమె పరిశోధన చేసిన చోటికి పంపాలి. నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి ఆ ఫైలు మూసేశామని వచ్చింది. నేను కాక బతికున్న పదహారు మందినీ సంతకాలు అడిగాను. ఒక్కడూ పెట్టలేదు. చచ్చేటోనికి ఏం భయం, మాకు పిల్లలున్నరు అన్నారు. వాళ్లను నేను క్షమించడం లేదు, నన్ను నేనూ క్షమించుకోవడం లేదు. ఈ కాగితంతో ఏదో మారుతుందని నాకు నమ్మకం లేదు. అయినా పంపు ఆరతీ.

7. నా తమ్ముడు అమోల్‌కు ఏమీ లేదు. సైకిలు, ఫోను కూడా అమ్మకే. అన్న తమ్ముణ్ణి ముంచి పోయాడని వీధి అంటుంది, అననీ. వీలునామాలో వాటా పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకపోవడమే మంచిదని వకీలు చెప్పాడు. తమ్ముడూ, నీకు వాటా ఇవ్వడం కంటే నీ సంతకం నాకు ముఖ్యం. వద్దనుకుంటే పెట్టకు, వేరేవాళ్లను పిలుస్తాను. పెడితే మాత్రం పేరు పక్కన నువ్వెవరో నీ చేత్తోనే రాయి. ఏం రాయాలో నేను చెప్పను.

సోలాపూర్, దాజీ పేట్. 2025 ఆగస్టు 8, నారళీ పున్నమికి ముందు రోజు.

సంతకం: గజ్జం ఋషికేశ్

సాక్షులు:

మంగళ, పక్కింట్లో ఉంటాను, బీడీల పని. మొత్తం చదివి వినిపించినాక నా ముందే సంతకం చేసిండు.

గజ్జం అమోల్, తండ్రి పెంటప్ప, మొబైల్ రిపేరు పని. ఒకటో నంబరు కాన్నుంచి ఇరవై రెండో నంబరు దాంక సీసలన్నీ నింపింది నేనే.