ఇరవై రెండు తలుపులు

మార్చి 4, సాయంత్రం 5.40

ఈ రోజు జరిగినవి, జరిగిన వరుసలోనే:

1. యువ సేవా పురస్కారానికి దరఖాస్తుల గడువు నాలుగు గంటలకు ముగిసింది. నాలుగూ రెండు నిమిషాలకు వచ్చిన ఒకదాన్ని తిప్పి పంపాను.

2. అందినవి ముప్పై ఒకటి. అన్నింటికీ రంధ్రాలు వేసి, దారంతో కుట్టి, ఒకే ఫైలు చేశాను. బైండింగు నాకు ఎవరూ నేర్పలేదు. అయినా గ్రంథాలయంలో నేను కుట్టిన పుస్తకం ఇంతవరకు ఒక్కటీ ఊడలేదు.

3. ప్రథమ స్థానం సాయంత్రపు బడి నడిపే యువకుడిది. 412 గంటలు. ప్రతి గంటకూ సంతకం ఉంది. గెలిచిన ఒక్కరికే, కోరిన శిక్షణలో ఉచిత సీటు, హాస్టలు.

4. ఒక దరఖాస్తుకు సున్నా వేయవలసి వచ్చింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి. పాత క్వార్టర్సులో ఒంటరిగా ఉంటున్న పెద్దవారి తలుపులు రోజూ తట్టి, క్షేమం కనుక్కుంటుందట. ఒక్కో తలుపు దగ్గర రెండు మూడు నిమిషాలు. రూల్ 4 ప్రకారం, ఒకచోట అరగంటకు తక్కువ చేసిన సేవ లెక్కకు రాదు. ఆ రూలు రాసింది నేనే. కోరిన శిక్షణ: నర్సింగ్. ఈ సీటు తప్ప వేరే దారి లేదని కూడా రాసింది. అందుకు నా ఫారంలో గడి లేదు కనుక మార్జిన్‌లో రాసింది.

సున్నాను ఎర్ర సిరాతో, గుండ్రంగా వేశాను.

ఇట్లు,
బైండరు మరియు కార్యదర్శి, యువ సేవా పురస్కార కమిటీ

మార్చి 5, ఉదయం 6.05

ఫైలు రెండోసారి తనిఖీ చేశాను. తప్పులు లేవు.

ఇట్లు,
బైండరు మరియు కార్యదర్శి, యువ సేవా పురస్కార కమిటీ

మార్చి 6, మధ్యాహ్నం 1.15

పెద్దమ్మను చూడడానికి ఆదివారం నాలుగు నుంచి ఐదు వరకు వెళతాను. పన్నెండేళ్లుగా ఈ పద్ధతి తప్పలేదు. ఈ రోజు మాత్రం రిపేరైన కళ్లజోడు ఇవ్వడానికి పనికి ముందే వెళ్లాను. ఆమె ఉండేదీ ఆ పాత క్వార్టర్సులోనే, మూడో అంతస్తులో.

6.50కి ఎవరో తలుపు తట్టారు. పెద్దమ్మ కూర్చున్నచోటి నుంచే, బతికే ఉన్నానే తల్లీ, వెళ్లు అంది. బయట ఎవరో నవ్వారు. నేను తలుపు తీసేసరికి ఒక అమ్మాయి నోటుబుక్కులో టిక్కు పెట్టుకుని పై మెట్లెక్కుతోంది.

ఎవరని అడిగాను. రోజూ వస్తుంది, నువ్వు ఆదివారం మనిషివి, నీకెలా తెలుస్తుంది అంది పెద్దమ్మ.

తర్వాత అసలు సంగతి బయటపడింది. జనవరిలో ఆమె చేతికి కట్టు చూసి అడిగితే, తలుపు తగిలిందంది. తగిలింది తలుపు కాదు. స్నానాల గదిలో జారిపడి, లేవలేక గంటకు పైగా నేల మీదే ఉందట. పలుకు లేకపోయేసరికి ఆ పిల్ల పక్కింటివాళ్లను లేపి, గడియ పగలగొట్టించి, డాక్టరును పిలిపించిందట. నాకెందుకు చెప్పలేదంటే, చెబితే ఏం చేస్తావురా, స్నానాల గది తలుపుకు జాగ్రత్తల లిస్టు అంటిస్తావు, పడ్డది చాలక రోజూ అది కూడా చదవాలా అంది.

నేను అంటించేవాడినే.

ఈ రోజు గ్రంథాలయంలో ఒక పుస్తకం తలకిందులుగా కుట్టాను. విప్పి మళ్లీ కుట్టాను.

ఇట్లు,
బైండరు మరియు కార్యదర్శి

మార్చి 8, ఉదయం 9.30

వాచీ పట్టుకుని ఆ అమ్మాయి వెంట నడిచాను. ఎందుకని ఆమె అడగలేదు. మెట్ల మీద ఆయాసపడుతుంటే మాత్రం, మెల్లగా రండి సార్, వీళ్లెవరూ పారిపోరు అంది.

తలుపులు ఇరవై రెండు. మొదటి తలుపు నుంచి చివరి తలుపు దాకా 66 నిమిషాలు. మెట్ల సమయం కలపవచ్చునా అని సందేహం వచ్చింది. మెట్లెక్కకుండా తలుపు తట్టడం నా వల్ల కాలేదు కనుక కలిపాను.

నోటుబుక్కు చూశాను. పద్నాలుగు నెలల్లో 402 రోజులు. టిక్కులే తప్ప నిమిషాలు లేవు. ఎందుకు రాసుకోలేదని అడిగితే, తలుపు తీశారా లేదా అన్నదే చూసుకున్నాను సార్, ఎంతసేపు నిలబడ్డానో ఎవరు చూశారు అంది.

402 ఇంటూ 66. నాలుగుసార్లు గుణించాను. 442 గంటల 12 నిమిషాలు.

నేను వేసింది సున్నా.

మార్చి 9, ఉదయం 6.00

రూల్ 9: అభ్యర్థి వల్ల తన బంధువు మేలు పొందివుంటే, కమిటీ సభ్యుడు ఆ అభ్యర్థి గురించి మాట్లాడరాదు.

ఇదీ నేను రాసిందే. మంచి రూలు. మార్చను.

రాజీనామా లేఖ నాలుగు వాక్యాల్లో రాశాను. బాగా వచ్చింది.

మార్చి 10

అభ్యర్థుల ఎదుట కమిటీ కూర్చుంది. లేఖ ఇచ్చి, కుర్చీ వదిలి, ఎదుటి బెంచీ మీదికి వెళ్లాను. రూల్ 6 ప్రకారం పౌరులెవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెప్పాను. రూల్ 4 తప్పు. అరగంట పని ఒకేచోట జరగనక్కర్లేదు. ఇరవై రెండు చోట్ల ముక్కలుగా జరిగినంత మాత్రాన అది పని కాకుండా పోదు. విడి కాగితాలు కుడితేనే పుస్తకం; ఈ మాట నాకంటే ముందు ఎవరికి తట్టాలి?

అధ్యక్షులైన డాక్టరుగారు, ఏమండీ, మీరు పేనిన తాడు చివరికి మీ కాలికే చుట్టుకుందా అన్నారు. చుట్టుకుందని ఒప్పుకున్నాను. అది గట్టి తాడని కూడా చెప్పాను. అందరూ నవ్వారు.

సాయంత్రపు బడి యువకుడు లేచి, లెక్క ఒకసారి చూడవచ్చా అన్నాడు. కాగితం ఇచ్చాను. గది అంతా ఎదురుచూసింది. అతను పెన్సిలుతో చివరిదాకా చేసి, సరిపోయింది సార్ అని కాగితం తిరిగి ఇచ్చాడు. సీటు పోతోందని తెలిసి అన్న మాట అది. అతని ప్రశంసాపత్రానికి నేనే తోలు అట్ట వేస్తాను.

రూల్ 4 కొట్టేశారు. సీటు ఆ అమ్మాయిది.

మార్చి 24

సన్మానం. చప్పట్ల మధ్య ఆమె వేదిక దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. జూన్ ఒకటిన హాస్టల్లో చేరాలట. తలుపులు ఎవరు చూస్తారు సార్ అని అడిగింది.

ఆలోచించి చెబుతానని అనలేదు. నోటుబుక్కు ఇమ్మన్నాను.

జూన్ 1

ఇరవై రెండు. పదహారో ఇంటివారు స్నానంలో ఉన్నారు. మెట్ల మీద కూర్చుని, బయటికి వచ్చేదాకా ఆగాను.

పదిహేడో తలుపు వెనక నుంచి, బతికే ఉన్నాన్రా, పో అని వినిపించింది.

టిక్కు పెట్టాను.