బడి పంతులు పెట్టిన పుట్టినరోజు

11 మార్చి 2007, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి వరండాలో మొహిద్దీన్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు. తెనాలి ఫైర్ స్టేషన్‌లో నాన్న లీడింగ్ ఫైర్‌మన్, బాబాయ్ ఫైరింజన్ డ్రైవర్. ఫైర్‌మెన్ జీతాల పెంపు గురించి అసెంబ్లీలో మాట్లాడతానని ఎమ్మెల్యేగారు ఒప్పుకున్నారట. అర పేజీ రాసివ్వండి, అంతకు మించితే సార్ చదవరు అని పీఏ చెప్పాడట. కాన్వెంట్‌లో చదివినదానివి, నువ్వే రాయాలి హెలెనమ్మా, మేం రాస్తే నిప్పార్పినట్టే ఉంటుంది, అంతా తడిసి ముద్దవుతుంది అన్నాడు బాబాయ్.

సరేనన్నాను. మనుషులతో మాట్లాడక్కర్లేని పని.

14 మార్చి

మాట్లాడాల్సి వచ్చింది. వివరాల కోసం బాబాయ్ బాపట్ల స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ ముత్తయ్యగారని ఒక ఫైర్‌మన్. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఎలా అయిందండీ అని అడగడానికి నాకు పది నిమిషాలు పట్టింది. పూరిళ్ళు అంటుకుంటే లోపల కట్టేసిన మేక కోసం వెళ్ళానమ్మా అన్నారు. మళ్ళీ ఆయనే, పసిపిల్ల కోసం అని రాయి, ఎమ్మెల్యేగారి నోట మేకంటే ఏం బాగుంటుంది అన్నారు.

మేక అనే రాశాను.

15 మార్చి

పూర్తయింది. సరిగ్గా అర పేజీ. ఎప్పటి నుంచి పెంచాలో ఒక తేదీ ఉండాలని పీఏ అన్నాడట. తేదీ నేనే పెట్టాను. చివరి వాక్యం ఇది: పెంచిన జీతం 2007 జూలై 1న సర్వీసులో ఉన్న వారందరికీ వర్తింపజేయాలి.

సర్వీసు రిజిస్టరులో అది నాన్న పుట్టినరోజు. ఈ ఏడు యాభై ఎనిమిది నిండి రిటైరవుతాడు. పుట్టిన నెల ఆఖరు దాకా ఉద్యోగం ఉంటుంది కాబట్టి జూలై అంతా ఉంటాడు. ఒక్క నెల కొత్త జీతం అందుకున్నా చాలు, బతికినన్నాళ్ళూ పెన్షన్ దాని మీదే వస్తుంది. నాన్నకి నేనిచ్చే బహుమతి అనుకున్నాను. పైకి చెప్పలేదు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాడు. బాగుంది అన్నాడు. కవరు అంటించి బాబాయ్‌కి ఇచ్చాను.

27 మార్చి

సభలో చదివారట. మేకతో సహా. అందరూ నవ్వారట, మంత్రిగారు తప్ప. పరిశీలిస్తామన్నారట.

13 జూన్

జీవో వచ్చింది. నా చివరి వాక్యం ఒక్క అక్షరం మారలేదు.

13 జూన్, సాయంత్రం

బాబాయ్ మిఠాయి పొట్లం తెచ్చాడు. తింటూ మామూలుగా అన్నాడు, పాపం మీ నాన్నకి మాత్రం ఒక్క రోజులో పోయిందమ్మా అని. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళు అంతకు ముందు నెల ఆఖరునే దిగిపోవాలట. అది రూలట. నాన్న జూన్ ముప్పైనే రిటైరవుతాడు. స్టేషన్‌లో అందరికీ తెలుసు. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు, నేను అడగలేదు.

నేను రాసిన తేదీని పీఏ మార్చేశాడని వాళ్ళనుకుంటున్నారు. వాడి చెయ్యి విరగ అన్నాడు బాబాయ్.



16 జూన్

నాన్న నిజంగా జూలై ఒకటిన పుట్టలేదు. రేపల్లె మిషన్ బళ్ళో పంతులుగారు ఆ ఏడు చేరిన పిల్లలందరికీ ఆ తేదీయే రాసేశారట. తేదీ తెలిసిన తల్లిదండ్రులు ఎందరని. పద్నాలుగు మంది ఒకే రోజు పుట్టారు అని నాయనమ్మ నవ్వేది. అసలు తేదీ అక్కడి చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. 1949 జూలై ఒకటి తర్వాత ఏ రోజైనా చాలు. ఇంత ఆఖర్లో దిద్దడానికి ఒప్పుకుంటారో లేదో. అయినా వెళ్తాను.

18 జూన్

లైబ్రరీకని చెప్పి రేపల్లె పాసింజర్ ఎక్కాను. లాజరు పాస్టరుగారు ఇనప్పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన రిజిస్టరు తీశారు. నాన్న పేరు దొరికింది. సంజీవరావు, తల్లి పున్నమ్మ, 1948 ఈస్టరు, వయసు ఆరు నెలలు.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. మళ్ళీ పెట్టాను. నాన్న పుట్టింది 1947 సెప్టెంబరులో. కిందటేడు కాదు, అంతకు ముందేడే దిగిపోవాల్సిన మనిషి.

సర్టిఫికెట్ రాసివ్వనా తల్లీ అని అడిగారు పాస్టరుగారు. వద్దండి అన్నాను.

19 జూన్

చదువుతున్న పుస్తకంలో గుర్తుకి రేపల్లె రైలు టిక్కెట్టు పెట్టుకున్నాను. నాన్న చూశాడు. పేజీ దొరికిందా అన్నాడు. రిజిస్టరుని చెదలు తినేశాయన్నాను. మంచి చెదలు అన్నాడు.

కాసేపటికి ఆయనే చెప్పాడు. మొదటిసారి జెండా ఎగరేసిన నెలకి పుట్టావురా అని నాయనమ్మ అంటుండేదట. అంటే ఎప్పుడూ తెలుసు. మరి నేను రాసిన తేదీ చూసి ఎందుకు ఊరుకున్నావు నాన్నా అని అడిగాను. ఇరవై ఒక్క నెలలు ఎక్కువ ఉద్యోగం చేశాను, సర్కారు అడగలేదు, నేను ఒక్క రోజు అడిగితే ఏం బాగుంటుందమ్మా అన్నాడు.

ఆ తర్వాత, మేక సంగతి బాగా రాశావు అన్నాడు.

30 జూన్

ఐదింటికి దండ వేసి, ఫైరింజన్‌లోనే ఇంటి దగ్గర దింపారు. ఇక్కడ అదే మర్యాద. గంట కొట్టలేదు గానీ బండి చూసి పక్కింటి కనకదుర్గ అత్తయ్య బిందెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. దండలో ఉన్న నాన్నని చూసి, ఏంటన్నయ్యా, నువ్వే అంటుకున్నావా అంది.

అందరూ వెళ్ళాక బాబాయ్‌కి చెప్పేశాను, తేదీ పెట్టింది నేనని. బాబాయ్ నా చేతి వైపు చాలాసేపు చూశాడు. ఆ చేత్తోనే కాస్త టీ ఇవ్వమ్మా అన్నాడు.

1 జూలై, ఆదివారం

నాన్న ఐదింటికే లేచి బూట్లు పాలిష్ చేశాడు. చేసి, గూట్లో పెట్టాడు.

హ్యాపీ బర్త్‌డే నాన్నా అన్నాను. మా ఇంట్లో ఈ తేదీన ఇంతవరకు ఎవరూ అనలేదు.

థాంక్స్ అమ్మా అన్నాడు.