అంటేల సంచీ

మా పిడుగుకి,

మావయ్య దీవెనలు. పళ్ళ డాక్టరుగారి కొత్త గదికి తలుపు నేనే చేస్తున్నాను. అది నచ్చితే బీరువాల పనంతా నాకే. నచ్చకపోతే ఎదురు వీధి వడ్రంగికి. వాడి చేతికి మాత్రం పోనివ్వను. చిక్కల్లా డాక్టరుగారికి మన మాట రాదు, చీటీలన్నీ ఇంగ్లీషే. ఒకటి ఇందులో పెట్టాను. మధ్యలో "ఐ మీన్" అన్నారు చూడు. డిక్షనరీ తీస్తే, మీన్ అంటే పిసినారి అట. అందుకని తలుపుకి చవక బందులు కొన్నాను.

నీ మావయ్య

తా.క. పిసినారినని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాణ్ణి ఇతన్నే చూశాను. పెద్దమనిషి.

*

మావయ్యకి నమస్కారం.

ముందు ఆ బందులు షాపులో తిరిగిచ్చెయ్. మనం మాట్లాడుతూ మాట్లాడుతూ "అంటే..." అని నసుగుతామే, ఇంగ్లీషులో అక్కడ "ఐ మీన్" అంటారు. "ఇన్ అదర్ వర్డ్స్", "దటీజ్ టు సే" కూడా అంతే. వాళ్ళ దగ్గర సంచీడు అంటేలున్నాయి. కనిపిస్తే దాటెయ్, తర్వాత ఉన్నది చెయ్. ఈ చీటీలో ఉన్న సంగతల్లా, తలుపు గది లోపలికి తెరుచుకోవాలి.

నీ పిడుగు

తా.క. ఆ డిక్షనరీని ఊగే బల్ల కాలి కింద పెట్టు.

*

పిడుగూ,

మంచి బందులే వేశాను. తలుపు నువ్వన్నట్టే నిలబెట్టి చేతులు దులుపుకుంటుంటే ఇంకో చీటీ వచ్చింది. మొదటి మాటే "లెట్ మి పుట్ ఇట్ అనదర్ వే". నీ సంచీలో ఇది లేదు. పుట్ అంటే పెట్టడం, అనదర్ వే అంటే ఇంకో వైపు. ఆపాటి నాకూ వచ్చు. ఊడదీసి, బయటికి తెరుచుకునేలా బిగించాను. ఇంక మేకు కదిపితే ఒట్టు.

మావయ్య

తా.క. డిక్షనరీ బల్ల కింద ఉంది కనక చూళ్ళేదు. తప్పయితే నీదే.

*

మావయ్యా,

కొంప ముంచావు. అదీ అంటేనే. "ఇంకోలా చెప్తాను వినండి" అని ఆయన గోల. తలుపు తిప్పెయ్. నువ్వు తిప్పవు, ఒట్టేశావు. అందుకే డాక్టరుగారికి నేనే ఇంగ్లీషులో రాశాను, ఎక్కడా అనుమానం మిగలకుండా విడమరిచి. బీరువాలు ఎదురు వీధికి ఎలా పోతాయో చూస్తాను.

పిడుగు

తా.క. మూడు పేజీలు వచ్చింది. క్లుప్తంగానే రాశాను.

*

మా పిడుగుకి,

బీరువాలు మనవే. గది తెరిచిన రోజు మొదటి మనిషి పట్టకారు చూడగానే కుర్చీ దిగి పరిగెత్తాడు. పాత గది అలవాటుకొద్దీ తలుపు లోపలికి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. నోరు తెరిచి లాగుతుంటే డాక్టరుగారు వెనకే వెళ్ళి పన్ను పీకేశారు. ఆ రోజు ఒక్కడూ పారిపోలేదు. గదులన్నిటికీ ఇలాంటి తలుపే కావాలన్నారని కొత్త కాంపౌండరు చెప్పాడు.

మావయ్య

తా.క. నీ ఉత్తరమూ అందింది. డాక్టరుగారు అటు తిప్పి ఇటు తిప్పి, అందులో అంటేలు తప్ప సంగతేమీ దొరక్క, నా మొహంలోకి చూసి "వాట్ డజ్ షి మీన్?" అన్నారు. మీన్ అంటే "అంటే" అని నువ్వెన్ని చెప్పు, "అంటే" అన్నవాడి మొహం కాదది. మా పిల్లనంటే ఊరుకుంటానా? నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను: "నో సర్. నాట్ మీన్. వెరీ గుడ్ గర్ల్."