తోకచుక్క పాటకు జవాబు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న జ్యోతిర్మయి వదినకు,

కూర్మన్నపాలెం నుంచి నీ ఆడపడుచు చిట్టమ్మ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అన్నయ్య, నువ్వు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లు వచ్చి ఇన్నేళ్ళయినా నువ్వు ఉత్తరాలు మానలేదు, నన్నూ మాననివ్వలేదు. నువ్వడిగిన మామిడి తాండ్ర పూర్ణా మార్కెట్లో కొన్నాను. పక్కింటి కొండలరావు గారు ఎల్లుండి ఓడెక్కుతున్నారు. తాండ్రా, ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను.

మా ఆయనకు మోకాలి నొప్పి తగ్గింది, స్టీల్‌ప్లాంట్‌లో మళ్ళీ షిఫ్టులకు వెళ్తున్నారు. నా కూతురు యశస్విని పాటలు మానేసిందా అని అడిగావు. మానడమా! దాని రాగాల ముందు మా కుక్కర్ కూత కూడా వినపడటం లేదు. ఇక మన ఊరి అసిరమ్మ బతికే ఉందా అన్నావు. ఉంది వదినా, ఎనభై దాటింది. నిజానికి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఈ నెల పడమట తోకచుక్క కనపడుతోంది కదా. దాని పేరు చెప్పి యశస్విని కాలేజీలో తోకచుక్కల పాటల కార్యక్రమం పెట్టారు. పైదేశాల పాప్ పాటల్లో తోకచుక్క అంటే వెళ్ళిపోతూ మళ్ళీ వస్తానని మాటిచ్చే ప్రియుడట. మన పాటలు లేవా అని ఇది ఆనందపురం దగ్గర మన ఊరికి వెళ్ళి, అసిరమ్మ చేత పాడించి, ఫోన్లో పట్టుకొచ్చి నాకు వినిపించింది.

పడమటేపు ఆకాసాన తోకసుక్క పొడిసిందో
తోకసుక్క యెనకాలే కొత్తకోడలొచ్చిందో

గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఎవులు కట్టినారే మామ్మా?" అని ఇది అడగడం, అసిరమ్మ చెప్పడం కూడా అందులో ఉన్నాయి. "కట్టినోలెవులో నాకేటి తెలుసే? నాను ముందు పాడినాను, ఎనక అందరూ పాడినారు."

ఆ సాయంత్రమే యశస్విని నన్ను మేడ మీదికి లాక్కెళ్ళింది. వాన వెలిసి ఆకాశం తేటగా ఉంది. మొదట నాకేమీ కనపడలేదు. "శుక్రుడికి కుడిపక్కన, ఇంకాస్త మీదకి సూడమ్మా" అంది. చూశాను. ఏమని చెప్పను వదినా! చిన్న వెలుగు ముద్ద, దాని నుంచి పైకి సాగిన పలచటి తెల్లని తోక. చప్పుడు లేదు, ఊరికే అలా నిలబడి ఉంది. కిందటిసారి వచ్చి ఎనభై వేల ఏళ్ళయిందట. అప్పటికి ఈ ఊరు లేదు, ఓడలు లేవు, పాట కూడా లేదేమో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. అది నీ మాట.

నువ్వు కోడలిగా వచ్చిన ఏడు, పెరట్లో నిలబడి అప్పటి తోకచుక్కను చూస్తూ ఇదే మాట అన్నావు. అమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసింది. నేను దాన్ని చూడనే లేదు. రెండు నెలలు తిరక్కుండా నాన్న వడదెబ్బకు పోయాడు. కీడును మెచ్చుకున్న కోడలని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆ ఏటి ఊడ్పుల్లో అసిరమ్మ నోట ఈ పాట వచ్చింది. ఒక వరస ఆడవాళ్ళు రెండు పంక్తులు పాడితే ఎదుటి వరస రెండు పంక్తులతో జవాబు చెప్పాలి కదా. ఎదుటి వరసలో నువ్వున్నావు. ఎంత పాటకత్తెవో అందరికీ తెలుసు, అందరూ నీ వైపే చూశారు. నువ్వు తల దించుకుని నారు నాటావు. ఆ తర్వాత నీ నోట పాట వినలేదు. మరుసటేడు అన్నయ్యా నువ్వూ ఓడెక్కేశారు. ఎక్కేముందు అసిరమ్మ గుమ్మంలోకి వస్తే మొహం తిప్పుకున్నావు.

వదినా, ఆ పాట కట్టింది అసిరమ్మ కాదు. నేను. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. నాన్న పోయిన కోపం ఎవరి మీద చూపాలో తెలియక నీ మీద చూపాను. గట్టు మీద ఆవిడకు నేర్పింది నేనే. ఇరవై ఏడేళ్ళుగా నా తప్పు ఆవిడ మోసింది, ఇప్పుడు నా కూతురు అడిగినా నా పేరు చెప్పలేదు. కంటితో చూడనిదాని మీద నేను పాట కట్టాను. చూసి మురిసిన నీ గొంతు మూగబోయింది. నాకు చాలా సిగ్గుగా ఉంది.

యశస్వినికి అంతా చెప్పేశాను. మూడోరోజు వచ్చి, "అత్త జవాబు రాకపోతే ఈ పాట నాను పాడను, ఎవుల్నీ పాడనివ్వను" అంది. కార్యక్రమం కార్తీక పున్నమినాడు. కొండలరావు గారు ఈలోపే తిరిగొస్తారు.

అందుకే నా సంతకం కింద రెండు పంక్తుల చోటు వదిలాను. నీ జవాబు అక్కడ రాసి పంపు. నన్ను తిట్టాలనిపిస్తే నా పేరు పెట్టే తిట్టు, యశస్విని అదే పాడుతుంది, నేను ముందు కూర్చుని వింటాను. పక్కన అసిరమ్మను కూడా కూర్చోబెడతాను. ఏమీ రాయాలనిపించకపోతే కాగితం అలాగే పంపు, పాట నాతో ఆగిపోతుంది. కానీ ఈ ఉత్తరం అందిన సాయంత్రం ఒక్కసారి పడమటికి చూడు వదినా. ఇంకా కనపడుతూ ఉంటే, ఈసారి నీ పక్కన నేనూ నిలబడి చూస్తున్నాననుకో.

ఇట్లు,
ఆ పాట కట్టిన నీ ఆడపడుచు
చిట్టమ్మ